బీపీ పడిపోతుంటే సెలైన్ ఎందుకు తగ్గిస్తారు? తీవ్రంగా గాయపడినవారికి తొలి గంటల్లో జరిగే చికిత్సపై విశ్లేషణ

విశాఖపట్నంలో ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీ దగ్గరైనా ఒక రాత్రంతా కూర్చుంటే, రోడ్డు ప్రమాద బాధితుల బంధువుల నోట ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. మానిటరు మీద పై బీపీ 90 దాటడం లేదు, మనిషి పాలిపోయి ఉన్నాడు, అయినా సెలైన్ చుక్కచుక్కగానే పడుతోంది. "రెండు బాటిళ్లు గబగబా ఎక్కించేయండి మేడమ్" అని బతిమాలినా నర్సు వినదు. ఒక్కోసారి బంధువే చెయ్యి చాచి ట్యూబు మీది చిన్న తెల్ల చక్రాన్ని పైకి తిప్పేస్తాడు, చుక్కలు ధారగా మారతాయి, నర్సు పరుగున వచ్చి దాన్ని మళ్లీ కిందికి నొక్కుతుంది. చూసేవారికి అది నిర్లక్ష్యంలాగో, డబ్బు కట్టేదాకా ఆపడంలాగో తోస్తుంది. అలాంటివి ఎక్కడా జరగవని ఎవరూ హామీ ఇవ్వలేరు కానీ, చాలా సందర్భాల్లో ఆ చక్రాన్ని బిగించి ఉంచడమే చికిత్స.

ఈ మాట వింతగా ఎందుకు అనిపిస్తుందంటే, రక్తం పోయినవారికి నీళ్లు నింపాలన్న ఆలోచన మనకు సహజంగా తోచేది. వైద్యులకు కూడా చాలా కాలం పాటు పాఠంగా చెప్పినది. గత ముప్పయ్యేళ్లలో ఆ పాఠం చాలావరకు తిరగబడింది. రిససిటేషన్ అని వైద్యులు పిలిచే ఈ తొలి చికిత్సలో ఇప్పుడు మొదటి పని నింపడం కాదు, కారుతున్న చోటును మూయడం. రెండో పని, ఒంట్లో మిగిలిన రక్తానికి గడ్డకట్టే శక్తి పోకుండా కాపాడటం. ఇది ఎలా తేలింది, ఎక్కడ ఇంకా తేలలేదు అన్నది ఈ వ్యాసం విషయం.

షాక్ అన్న మాటకు ఆసుపత్రిలో అర్థం వేరు

మన వాడుకలో షాక్ అంటే కరెంటు తగలడం, లేదా వినకూడని వార్త వినడం. వైద్యంలో షాక్ అంటే శరీర కణాలకు కావలసినంత ప్రాణవాయువు అందని స్థితి. గాయపడినవారిలో దీనికి అత్యంత సాధారణ కారణం రక్తస్రావం. ఛాతీలో గాలి చిక్కుకుని గుండెను ఒత్తేయడం, గుండె చుట్టూ రక్తం చేరడం, వెన్నుపాము తెగడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి కానీ, వేరే కారణం రుజువయ్యేదాకా రక్తం పోతోందనే అనుకోవడం ఈ రంగంలో ఆనవాయితీ.

పెద్దవారి ఒంట్లో రక్తం కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్లు ఉంటుంది. కూర్మన్నపాలెం దగ్గర లారీ తగిలి బైకు మీద నుంచి పడిన 60 కిలోల యువకుణ్ణి ఉదాహరణగా ఊహించుకుందాం. అతని ఒంట్లో ఉండేది 4.2 లీటర్లు. అందులో 15 శాతం, అంటే 630 మిల్లీలీటర్లు పోయినా లక్షణాలేమీ పెద్దగా కనిపించవు. రక్తదాన శిబిరంలో 350 లేదా 450 మిల్లీలీటర్లు ఇచ్చినవారు బిస్కట్లు తిని లేచి వెళ్లిపోవడం మనకు తెలిసిందే. 15 నుంచి 30 శాతం పోతే నాడి వంద దాటుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కాస్త చిరాకు పడతాడు, కానీ బీపీ ఇంచుమించు మామూలుగానే కనిపిస్తుంది. 30 శాతం దాటాక, అంటే లీటరుంపావు పైగా పోయాకగానీ బీపీ స్పష్టంగా పడదు. 40 శాతం దాటితే ప్రాణం నిమిషాల లెక్కలోకి వస్తుంది.

కాబట్టి బీపీ 90కి పడిందంటే ప్రమాదం మొదలైందని అర్థం కాదు, చాలాసేపటి క్రితమే మొదలైందని అర్థం. కుర్రవాళ్ల రక్తనాళాలు గట్టిగా బిగుసుకుని బీపీని నిలబెడతాయి, ఓపిక అయిపోయాక ఒక్కసారిగా వదిలేస్తాయి. ఈ మోసాన్ని కొంతవరకు పట్టుకోవడానికి వైద్యులు నాడి సంఖ్యను పై బీపీతో భాగిస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది. మన యువకుడి నాడి 120, బీపీ 100 అనుకుంటే లెక్క 1.2 వస్తుంది, బీపీ ఒక్కటే చూస్తే ఫరవాలేదనిపించే మనిషి ఈ లెక్కలో దొరికిపోతాడు. ముసలివారి విషయంలో ఇదీ నమ్మకం కాదు. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారి నాడి పరుగెత్తదు, రోజూ 160 బీపీతో తిరిగేవారికి 110 కూడా పడిపోయినట్టే.

ఇంకో మోసం హిమోగ్లోబిన్‌ది. "రక్తం పదమూడు ఉంది, ఇంకేం పోయింది?" అని బంధువులు అడుగుతారు. గిన్నెలోని చారు సగం ఒలికిపోతే మిగిలిన చారు చిక్కదనం మారదు, పరిమాణమే తగ్గుతుంది. నీళ్లు కలిపినప్పుడే పలచబడుతుంది. రక్తమూ అంతే. ప్రమాదం జరిగిన తొలి అరగంటలో తీసిన హిమోగ్లోబిన్ పోయిన రక్తం గురించి దాదాపు ఏమీ చెప్పదు.

నేల మీద ఉన్నదానికంటే లోపల ఉన్నదే ఎక్కువ

తల మీద చర్మం చిట్లితే చొక్కా అంతా తడిసి చూసేవారి గుండె గుభేలుమంటుంది, కానీ పెద్దవారి ప్రాణం తీసేది తరచుగా కళ్లకు కనిపించని రక్తస్రావం. ప్రాణాంతకంగా రక్తం చేరగల చోట్లు అయిదు: నేల, ఛాతీ, పొట్ట, కటి ప్రాంతం, తొడలు. ఒక్క తొడ ఎముక విరిగితే లీటరు నుంచి లీటరున్నర దాకా ఆ కండరాల్లోనే నిలిచిపోవచ్చు. ఛాతీలో ఒక్కో వైపు రెండు లీటర్లకు పైగా పడుతుంది. కటి ఎముక వలయం విచ్చుకుంటే దాని వెనక ఉన్న సిరల నుంచి కారే రక్తానికి అడ్డు ఉండదు; అందుకే తుంటి చుట్టూ వెడల్పాటి పట్టీ బిగించి ఆ వలయాన్ని దగ్గరకు తెస్తారు. చూడటానికి అది నడుముకు చుట్టిన దుప్పటిలా ఉంటుంది, చేసే పని మాత్రం పెద్దది.

పొట్ట సంగతి మరీ కష్టం. కాలేయమో ప్లీహమో చీలి లీటరు రక్తం చేరినా పొట్ట ఉబ్బకపోవచ్చు. క్యాజువాలిటీలోనే మంచం పక్కన చేసే అల్ట్రాసౌండు ఇక్కడ ఉపయోగపడుతుంది. ప్రోబును కుడి పక్కటెముకల కింద, ఎడమ పక్కన, పొత్తికడుపు మీద, గుండె దగ్గర ఆనించి, రక్తం చేరితే కనిపించే నల్లటి చార ఉందా లేదా అని చూస్తారు, ఛాతీ రెండు వైపులా కూడా చూస్తారు. రెండు మూడు నిమిషాల పని. చార కనిపించి, బీపీ పడిపోతున్న మనిషిని సీటీ స్కాన్‌కు కాక నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లడానికి అదే ఆధారం. చార కనిపించలేదంటే రక్తస్రావం లేదని మాత్రం అర్థం కాదు.

సెలైన్ ఎక్కిస్తే ఏమవుతుంది: ఒక లెక్క

రక్తస్రావం ఆపకముందే బీపీ పెంచితే అవసరమైన రక్తమే పోతుందన్న హెచ్చరిక కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసిన అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, ఆయన సహచరులు 1918లోనే ఈ సంగతి రాశారు. తర్వాత అది మరుగున పడింది. వియత్నాం యుద్ధ కాలంలో సెలైన్ వంటి ద్రవాలను లీటర్ల కొద్దీ ఎక్కించడం అలవాటైంది. కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది కానీ, ఊపిరితిత్తులు నీరుపట్టి పనిచేయని స్థితి ఎంతగా కనిపించిందంటే, దానికి అక్కడి ఊరి పేరుతో "డానాంగ్ లంగ్" అని పేరే పడిపోయింది. 1976లో తన విమానం నెబ్రాస్కా పొలాల్లో కూలి, భార్యను పోగొట్టుకుని, గాయపడిన పిల్లలతో ఒక చిన్న ఆసుపత్రికి చేరిన ఎముకల వైద్యుడు జేమ్స్ స్టైనర్, అక్కడి చికిత్స చూసి కలిగిన అసంతృప్తితో మొదలుపెట్టిన శిక్షణే గాయపడినవారి తొలి చికిత్సను వైద్యులకు నేర్పుతూ నేడు ప్రపంచమంతా ఏటీఎల్‌ఎస్‌గా తెలిసిన కోర్సు. దాదాపు రెండు తరాల వైద్యులు అందులో "ముందు రెండు లీటర్లు" అని నేర్చుకున్నారు. 2018లో వచ్చిన పదో కూర్పు దాన్ని ఒక లీటరుకు తగ్గించి, ఆపైన రక్తం వైపు తొందరగా వెళ్లమంది. మన దగ్గర ఇప్పటికీ కనిపించే రెండు బాటిళ్ల అలవాటు ఆ పాత పాఠం జ్ఞాపకమే.

మన యువకుడి దగ్గరకు వద్దాం. 4.2 లీటర్లలో 1.4 లీటర్లు పోయాయి, 2.8 మిగిలాయి. హిమోగ్లోబిన్ మొదట 13 గ్రాములు, ఇప్పటికీ 13 గ్రాములే. రెండు లీటర్ల సెలైన్ ఎక్కించారు. సెలైన్ రక్తనాళాల్లో నిలవదు. కాసేపటికి మూడో వంతో, అంతకంటే తక్కువో మాత్రమే నాళాల్లో ఉంటుంది, మిగిలినది కణజాలాల్లోకి జారుకుంటుంది. 700 మిల్లీలీటర్లు నిలిచిందనుకుందాం. నాళాల్లో ఇప్పుడు మూడున్నర లీటర్లు ఉన్నాయి, మానిటరు మీద బీపీ 85 నుంచి 105కు ఎక్కింది, బంధువుల ముఖాలు తేటపడ్డాయి. కానీ హిమోగ్లోబిన్ 10.4కి దిగింది, గడ్డకట్టించే పదార్థాలు మునుపటిలో 80 శాతానికి పలచబడ్డాయి. ఒత్తిడి పెరగడంతో, అప్పటిదాకా చీలిక దగ్గర మెత్తగా పేరుకున్న గడ్డ ఊడిపోవచ్చు. మళ్లీ రక్తం పోతుంది, మళ్లీ బీపీ పడుతుంది, మళ్లీ సీసా కడతారు. నాళాల బయటికి జారిన లీటరుంబావు నీరు పేగుల్లో, ఊపిరితిత్తుల్లో వాపుగా మిగులుతుంది. దీనికి తోడు, మామూలు సెలైన్‌లో క్లోరైడు లీటరుకు 154 మిల్లీమోల్స్. రక్తంలో ఉండేది వందకు అటూఇటూగా. ఎక్కువ సెలైన్ పడేకొద్దీ రక్తం ఆమ్లంగా మారుతుంది.

అంటే బీపీ అంకె మెరుగుపడుతూనే మనిషి పరిస్థితి దిగజారగలదు. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా వాదాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

విశాఖ ఉక్కపోతలో చలి ఎక్కడిది?

గాయపడిన మనిషి రక్తం గడ్డకట్టకుండా పోవడానికి మూడు కారణాలు ఒకదాన్నొకటి ఎగదోస్తాయని వైద్యులు చెబుతారు: ఒళ్లు చల్లబడటం, రక్తం ఆమ్లంగా మారడం, గడ్డకట్టే పదార్థాలు తరిగిపోవడం. గడ్డకట్టడమంటే ఎంజైముల పని, అవి పనిచేసేది 37 డిగ్రీల దగ్గర. ఉష్ణోగ్రత 34 డిగ్రీలకు దిగితే ఆ పని స్పష్టంగా మందగిస్తుంది.

మే నెల ఉక్కలో గాజువాక రోడ్డు మీద పడ్డవాడు చల్లబడతాడా అన్నది న్యాయమైన సందేహమే. సమాధానం ఆసుపత్రి లోపల ఉంది. గాయాలు చూడటానికి బట్టలు కత్తిరిస్తారు, ఒళ్లు చెమటతోనో వానతోనో తడిసి ఉంటుంది, గదిలో ఏసీ 22 మీద ఉంటుంది, వేడి పుట్టించాల్సిన కండరాలకు రక్తమే అందదు. పైగా మనమే చల్లటి ద్రవం లోపలికి పంపుతాం. 25 డిగ్రీల సెలైన్ రెండు లీటర్లను ఒంటి వేడికి తేవడానికి సుమారు 24 కిలోకేలరీలు కావాలి; 60 కిలోల ఒళ్లు ఒక డిగ్రీ చల్లబడటానికి కోల్పోయేది సుమారు 50. అంటే రెండు సీసాలకు అర డిగ్రీ. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల వద్ద తీసిన రక్తాన్ని అలాగే ఎక్కిస్తే మూడు లీటర్లకు దాదాపు రెండు డిగ్రీలు. ద్రవాలను వేడిచేసే యంత్రం, పొడి దుప్పటి ఈ లెక్కలో మందులతో సమానం, కానీ కొనుగోళ్ల జాబితాలో అవి వెంటిలేటర్లంత గౌరవం పొందవు.

గడ్డకట్టే శక్తి తరగడానికి సెలైన్ ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2003లో లండన్‌లో కరీమ్ బ్రోహీ బృందం వెయ్యిమందికి పైగా క్షతగాత్రుల రక్తపరీక్షలు చూసినప్పుడు, దాదాపు నాలుగో వంతు మందిలో ఆసుపత్రికి వచ్చేసరికే గడ్డకట్టడం దెబ్బతిని ఉంది. ఎక్కించిన ద్రవాల పరిమాణంతో దానికి సంబంధం కనిపించలేదు. తీవ్రమైన గాయం, రక్తం అందక కణాలు అల్లాడటం, ఈ రెండూ కలిసి శరీరమే తన గడ్డలను తానే కరిగించుకునే స్థితిని తెస్తాయి. సెలైన్ ఆ మంటలో నెయ్యి పోస్తుంది, మంట అంటించేది మాత్రం గాయమే.

చల్లదనం, ఆమ్లం, గడ్డకట్టే పదార్థాల కొరత అన్న ఆ మూడు కారణాలకు నాలుగో తోడు కాల్షియం తగ్గడం. బ్లడ్ బ్యాంకు సంచిలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి కలిపే సిట్రేట్, రోగి రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. గడ్డకట్టడానికీ గుండె కొట్టుకోవడానికీ కాల్షియం తప్పనిసరి కాబట్టి, సంచులు వేగంగా ఎక్కించేటప్పుడు దాన్ని కూడా ఇస్తారు.

తక్కువ బీపీని కొంతసేపు ఓర్చుకోవడం, తలకు దెబ్బ తగిలితే వచ్చే చిక్కు

రక్తస్రావం ఆగేదాకా బీపీని కావాలనే 80 నుంచి 90 మధ్య ఉంచడం యూరప్ మార్గదర్శకాలలో ఉన్న పద్ధతి. దీనికి పునాది వేసిన అధ్యయనం 1994లో అమెరికాలోని హూస్టన్ నుంచి వచ్చింది. ఛాతీ, పొట్టలపై కత్తిపోట్లు, తూటా గాయాలతో బీపీ పడిపోయిన 598 మందిలో కొందరికి దారిలోనే ద్రవాలు మొదలుపెట్టారు, కొందరికి ఆపరేషన్ థియేటర్ చేరేదాకా ఆపారు. ముందే ఎక్కించినవారిలో 62 శాతం బతికారు, ఆపినవారిలో 70 శాతం.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదన ఇప్పటికే చెప్పుకున్నాం. అభ్యంతరం చెప్పేవారి మాటల్లోనూ పస ఉంది. హూస్టన్ రోగులు ఎక్కువగా యువకులు, వారివి ఒకే చోట పదునైన గాయాలు, ఆసుపత్రి దగ్గరలో ఉంది. విశాఖలో క్యాజువాలిటీకి వచ్చేవారిలో ఎక్కువమందివి వాహనాలు ఢీకొన్న, ఎత్తు నుంచి పడిన మొద్దు గాయాలు; కారే చోటు ఒక్కటి కాదు. తక్కువ బీపీని మంచి ఆరోగ్యం ఉన్న యువకుడు గంటసేపు ఓర్చుకోవచ్చు, కానీ ఘాట్ రోడ్డు మీద మూడు గంటలు ఓర్చుకోవడం వేరే సంగతి. కిడ్నీలు, గుండె అంతసేపు ఆగవు. ఈ పద్ధతికి గడువు ఉందనీ, థియేటర్ దగ్గరలో ఉన్నప్పుడే అది చెల్లుతుందనీ ఇరుపక్షాలూ దాదాపు ఒప్పుకుంటాయి.

అసలు చిక్కు తలగాయంతో వస్తుంది. దెబ్బతిన్న మెదడుకు వాపు వస్తుంది, పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఎదురీది రక్తం చేరాలంటే బీపీ ఎక్కువగా ఉండాలి. 90 కంటే తక్కువ బీపీ కొద్దిసేపు కొనసాగినా అలాంటి రోగులకు ముప్పు బాగా పెరుగుతుందని పాత అధ్యయనాలు కూడా చెప్పాయి. తీవ్రమైన తలగాయంలో వయసును బట్టి 100 లేదా 110కి తగ్గకుండా చూడమని నేటి మార్గదర్శకాలు అంటాయి. హెల్మెట్ లేకుండా బైకు మీంచి పడి, తలా కటీ రెండూ దెబ్బతిన్న మనిషిలో కటి 85 అడుగుతుంది, మెదడు 110 అడుగుతుంది. అక్కడ మెదడు మాటే నెగ్గుతుంది, కానీ ఆ 110ని సెలైన్‌తో కాకుండా రక్తంతో తెచ్చే ప్రయత్నం చేస్తారు, కారే చోటును మూయడానికి ఇంకా తొందరపడతారు. కాబట్టి పక్క మంచం మీది మనిషికి సీసా వేగంగా పోతూ, మన మనిషికి చుక్కలుగా పడుతుంటే అది పక్షపాతం కాకపోవచ్చు.

పోయింది రక్తమైతే ఇవ్వాల్సింది రక్తమే, కానీ ఏ రక్తం?

దాత ఇచ్చిన రక్తాన్ని బ్లడ్ బ్యాంకు మూడుగా విడదీస్తుంది: ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, గడ్డకట్టించే ప్రొటీన్లున్న పసుపు రంగు ప్లాస్మా, చీలికను మొదట పూడ్చే ప్లేట్‌లెట్లు. చాలాకాలం ఎర్రకణాలే ముందుగా, ఎక్కువగా ఇచ్చేవారు. ఇరాక్ యుద్ధంలో భారీగా రక్తం ఎక్కించిన 246 మంది వివరాలతో 2007లో వచ్చిన ఒక పరిశీలన ఆ అలవాటును కదిలించింది. ఎర్రకణాలతో పోలిస్తే ప్లాస్మా చాలా తక్కువగా అందినవారిలో 65 శాతం చనిపోగా, దాదాపు సమానంగా అందినవారిలో 19 శాతమే చనిపోయారు.

ఇంత పెద్ద తేడా కనిపించినప్పుడు కాస్త ఆగి ఆలోచించాలి. ప్లాస్మాను అతిశీతలంలో మంచుగడ్డలా చేసి నిల్వచేస్తారు. వేడినీటి తొట్టెలో 37 డిగ్రీల వద్ద కరగడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. చేతిలో రాయిలా ఉన్న పసుపు సంచి మెల్లగా అంచుల నుంచి మెత్తబడుతూ, మధ్యలో మంచు ముక్క తేలుతూ ఉండగా, ఎర్రకణాలు మాత్రం ఎక్కుతూ ఉంటాయి. ఇలాంటి పదిమందిలో ముగ్గురు అరగంటలోపే చనిపోయారనుకోండి. వారి ఖాతాలో ఎర్రకణాలే తప్ప ప్లాస్మా ఉండదు. చివర్లో లెక్క కడితే "ప్లాస్మా తక్కువ అందినవారు చనిపోయారు" అని తేలుతుంది. నిజానికి వారు చనిపోయారు కాబట్టే ప్లాస్మా అందలేదు. ఫలితాలలో కొంత ఈ మాయ ఉందని విమర్శకులు అన్నది సబబే.

అందుకే 2015లో ఉత్తర అమెరికాలో 680 మందితో, ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి, పోల్చి చూశారు. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు 1:1:1గా ఇచ్చినవారిలో 24 గంటల్లో 12.7 శాతం, 1:1:2గా ఇచ్చినవారిలో 17 శాతం చనిపోయారు. ఈ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పేంత గట్టిది కాదు. అయితే తొలిరోజు రక్తస్రావంతోనే చనిపోయినవారు 9.2, 14.6 శాతాలుగా ఉండటం మాత్రం స్పష్టమైన తేడా. చాలా కేంద్రాలు 1:1:1 వైపు మొగ్గడానికి కారణం ఇదే. ఈ సమపాళ్లు కూడా నిజమైన రక్తం కాదని గుర్తుంచుకోవాలి. సంచుల్లో కలిపే నిల్వ ద్రవాల వల్ల మూడూ కలిస్తే వచ్చే మిశ్రమంలో ఎర్రకణాల వంతు 29 శాతం దగ్గర, ప్లేట్‌లెట్లు 90 వేల లోపు, గడ్డకట్టే పదార్థాలు 65 శాతం దగ్గర ఉంటాయి. దాత ఒంట్లోంచి వచ్చినదే మూడుగా విడిపోయి మళ్లీ కలిసేసరికి పలచబడింది. విడదీయని రక్తాన్నే ఇస్తే పోలేదా అన్న వాదన మళ్లీ బలపడటానికి కారణం ఇదే. మన పెద్దలు చూసిన పాత సీసా రక్తం కొత్త రూపంలో తిరిగొస్తోంది.

వార్తల్లో చదివే "ఒక యూనిట్ ప్లేట్‌లెట్లు" అన్న మాట కూడా తికమక పెడుతుంది. ఒకే దాత సంచి నుంచి తీసిన ప్లేట్‌లెట్లు వేరు, యంత్రం ద్వారా ఒకే దాత నుంచి ఎక్కువగా సేకరించినవి వేరు. రెండోది మొదటిదానికి అయిదారు రెట్లు. అయిదు రోజులకు మించి నిల్వ ఉండని ఈ ప్లేట్‌లెట్లు అర్ధరాత్రి ఎన్ని ఉన్నాయన్నదే చాలాచోట్ల 1:1:1ను నిర్ణయిస్తుంది. గ్రూపు తెలిసేలోగా ఎవరికైనా ఇవ్వగల ఓ నెగెటివ్ మన జనాభాలో నూటికి సుమారు ఇద్దరిలోనే ఉంటుంది కాబట్టి, అత్యవసరంలో మగవారికి ఓ పాజిటివ్ ఇవ్వడం, ఓ నెగెటివ్‌ను పిల్లల్ని కనే వయసు స్త్రీల కోసం దాచడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి.

చవకైన మందు, మూడు గంటల గడువు

నెలసరిలో అధిక రక్తస్రావానికి మందుల షాపుల్లో దొరికే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోటో, షోసుకే ఒకమోటో దంపతులు కనుగొన్నారు. ఇది కొత్త గడ్డను తయారుచేయదు, ఉన్న గడ్డ కరగకుండా ఆపుతుంది. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో 40 దేశాల నుంచి 20,211 మంది పాల్గొన్నారు, వారిలో భారతీయ ఆసుపత్రుల రోగులు కూడా గణనీయంగా ఉన్నారు. మందు ఇవ్వనివారిలో 16 శాతం, ఇచ్చినవారిలో 14.5 శాతం చనిపోయారు. గంటలోపు ఇస్తే మేలు ఎక్కువ. మూడు గంటలు దాటాక ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు తగ్గకపోగా 3.1 నుంచి 4.4 శాతానికి పెరిగాయి. అనకాపల్లి అవతల ఎక్కడో పడి, రెండు ఆసుపత్రులు మారి వచ్చిన మనిషి విషయంలో "దెబ్బ ఎన్నింటికి తగిలింది?" అని వైద్యుడు పదేపదే అడగడం పోలీసు కేసు రాయడానికి మాత్రమే కాదు.

దీనిపైనా భిన్నాభిప్రాయం ఉంది. అంబులెన్సులోనే ఈ మందు ఇచ్చి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీలలో చేసిన, 2023లో వెలువడిన అధ్యయనంలో తొలి నెల మరణాలు తగ్గినట్టు కనిపించినా, ఆరు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగే స్థితిలో ఉన్నవారి శాతంలో తేడా రాలేదు. బతికించడం, బాగుచేయడం రెండూ ఒకటి కావని ఒక పక్షం అంటుంది; ముందు బతికితేనే కదా అని మరో పక్షం అంటుంది. ఏ కొలమానంతో చూడాలన్న దాని మీదే ఈ తగాదా ఉంది తప్ప, అంకెల మీద కాదు.

ఊపిరి ముందా, రక్తం ముందా

శ్వాసనాళం, శ్వాస, రక్తప్రసరణ అన్న వరుస దశాబ్దాలుగా మంత్రంలా నడిచింది. చేయో కాలో తెగి రక్తం చిమ్ముతున్నప్పుడు దాన్నే ముందు ఆపాలని యుద్ధభూమి అనుభవం నేర్పింది. గాయానికి పైన బిగించే టోర్నికే పట్టీని, కాలు పోతుందన్న భయంతో ఒకప్పుడు దూరం పెట్టారు. ఇప్పుడు బిగించిన సమయం రాసిపెట్టి ధైర్యంగా వాడుతున్నారు. సన్నటి తాడో తీగో కట్టడం దానికి సాటి కాదు. అది చర్మాన్ని కోస్తుంది, సిరలను మూసి ధమనిని వదిలేస్తే రక్తస్రావం పెరుగుతుంది.

ఆసుపత్రిలో కూడా గొట్టం వేసి వెంటిలేటరు పెట్టే తొందర ఇప్పుడు తగ్గింది. రక్తం తగ్గిన మనిషికి మత్తుమందు ఇస్తే బిగుసుకున్న నాళాలు వదులవుతాయి, యంత్రం గాలిని నెట్టే ఒత్తిడికి గుండెకు తిరిగొచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. గొట్టం చక్కగా పడిన నిమిషంలోనే గుండె ఆగిపోవచ్చు. శ్వాసకు వెంటనే ముప్పు లేకపోతే ముందు కొంత రక్తం ఎక్కించి, ఆ తర్వాత గొట్టం వేయడం మేలని ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

గోల్డెన్ అవర్: చట్టంలో గంట, ఒంట్లో నిమిషాలు, రోడ్డు మీద కిలోమీటర్లు

బాల్టిమోర్‌లో షాక్ చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పిన శస్త్రవైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చిన ఈ మాటకు మన దేశంలో ఇప్పుడు చట్టబద్ధమైన నిర్వచనం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గాయం తర్వాతి ఒక గంటను గోల్డెన్ అవర్ అంటుంది. ఆ చట్టం కింద 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదురహిత చికిత్స అందాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారన్న ప్రభుత్వ లెక్క పక్కన పెట్టి చూస్తే దీని అవసరం తెలుస్తుంది.

శాస్త్రంలో మాత్రం ఆ అరవై నిమిషాల గీతకు గట్టి ఆధారం లేదు. 2010లో ఉత్తర అమెరికాలో 3,656 మంది క్షతగాత్రులను పరిశీలించినప్పుడు అంబులెన్సు తీసుకున్న సమయానికీ మరణాలకూ స్పష్టమైన సంబంధం కనిపించలేదు. దీన్ని "ఆలస్యమైనా ఫరవాలేదు" అని చదవడం తప్పు. ధమని చీలినవాడికి గంట చాలా ఎక్కువ, అతనికి ఉన్నది పది నిమిషాలే. కాలు మాత్రం విరిగినవాడికి రెండు గంటలైనా ప్రాణభయం ఉండకపోవచ్చు. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే సంబంధం మాయమవుతుంది. చట్టానికి ఒక గీత కావాలి కాబట్టి గంట అని గీసింది, అది పాలనకు అవసరం. రోగి శరీరం ఆ గీతను చూసి నడవదు.

విశాఖ పటం మీద ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. మధురవాడ దగ్గర పడినవారికి హనుమంతవాక విమ్స్ ఆసుపత్రి కొన్ని కిలోమీటర్లే. గాజువాక నుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కు రద్దీ లేని వేళ అరగంట. 1923 నుంచి ఉన్న ఆ ఆసుపత్రికే పాడేరు, అరకు వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఘాట్లు దిగి కూడా వస్తారు. కొన్ని గిరిజన గూడేల్లో 108 వాహనం ఆగేచోటికి చేరడానికే ముందు డోలీ మోయాలి. నగరంలో "ఎక్కించుకుని పరుగెత్తు" అన్నదే సరైన సూత్రం. దారిలో సూది పెట్టడానికి ఆగిన అయిదు నిమిషాలు వృథా. ఘాట్ రోడ్డు మీద ఆ సూత్రం సరిపోదు, దారిలోనే చికిత్స మొదలుకావాలి.

దారిలో ప్లాస్మా ఇస్తే మేలా అన్న ప్రశ్నకు 2018లో వచ్చిన రెండు అమెరికా అధ్యయనాలు ఎదురెదురు సమాధానాలిచ్చాయి. హెలికాప్టర్లలో 501 మందిపై చేసినదానిలో నెలలోపు మరణాలు 33 నుంచి 23 శాతానికి తగ్గాయి. డెన్వర్ నగరంలో చేసినదానిలో లాభమే లేదు. రెండు సమాచారాలనూ కలిపి చూసినప్పుడు, ప్రయాణం ఇరవై నిమిషాలు దాటినవారిలోనే మేలు కనిపించింది. బ్రిటన్‌లో అంబులెన్సుల్లో ఎర్రకణాలు, ఎండబెట్టిన ప్లాస్మా ఇచ్చి చూసిన 2022 అధ్యయనంలో సెలైన్ కంటే మెరుగు ఏమీ తేలలేదు. సెలైన్ హానికరమన్న వాదనను అతిగా సాగదీయకూడదని ఇది గుర్తుచేస్తుంది. రక్తం దొరకనిచోట, నాడి మణికట్టు దగ్గర అందనంతగా పడిపోయినప్పుడు, కొద్దికొద్దిగా ఇచ్చే సెలైన్‌కు ఇప్పటికీ చోటుంది.

థియేటర్ లోపల: సగంలో ఆపే ఆపరేషన్

తలుపు మూసుకున్నాక కూడా బంధువులను కంగారుపెట్టే విషయం ఒకటుంది. అంత పెద్ద గాయానికి గంటలోనే ఆపరేషన్ ముగించి, పొట్ట కుట్టకుండా పైన ప్లాస్టిక్ పొర, గుడ్డలతో కప్పి ఐసీయూకు తెస్తారు. చల్లబడి, ఆమ్లంతో నిండి, గడ్డకట్టని రక్తంతో ఉన్న మనిషి మీద నాలుగు గంటల చక్కటి ఆపరేషన్ చేస్తే కుట్లు నిలుస్తాయి, మనిషి నిలవడు. అందుకే మొదటిసారి కారే నాళాన్ని కట్టేయడం, చీలిన కాలేయం చుట్టూ గుడ్డలు కుక్కడం, తెగిన పేగు మూతులు మూసి లోపల కలుషితం ఆపడం వరకే చేస్తారు. పేగు అతకడం, పొట్ట మూయడం ఒంటి వేడి తిరిగొచ్చాక, ఒకటి రెండు రోజుల తర్వాత.

రక్తస్రావం ఆగిన ఆ క్షణం నుంచి బీపీ లెక్క కూడా మారిపోతుంది. ఇక 85తో సరిపెట్టుకోరు. నాడి దిగేదాకా, గంటగంటకూ తగినంత మూత్రం వచ్చేదాకా, ప్రాణవాయువు అందని కణాల నుంచి వచ్చే లాక్టేట్ రక్తంలో మామూలు స్థాయికి వచ్చేదాకా రక్తమో ద్రవమో ఇస్తూ పోతారు. క్యాజువాలిటీలో కిందికి నొక్కి ఉంచిన ఆ తెల్ల చక్రాన్ని ఐసీయూ నర్సు ఇప్పుడు తానే పైకి తిప్పుతుంది.